ఎన్‌ఐఎస్‌ఎం 5-ఎ పరీక్షలో రిస్క్: తరచుగా అడిగే ప్రశ్నలు, తరచుగా తప్పే జవాబులు

మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ కావాలంటే రాయాల్సిన పరీక్ష ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 5-ఎ. గుంటూరులో ఈ పని చేసుకుంటున్న నన్ను ఆ పరీక్షకు చదివేవాళ్లు అడిగే వాటిలో సగం రిస్క్ గురించే ఉంటాయి. నిబంధనలు బట్టీ పడితే వచ్చేస్తాయి. ఎన్‌ఏవీ (ఫండ్‌లో ఒక్కో యూనిట్ విలువ) లెక్కలు నాలుగుసార్లు చేస్తే చేతికి పట్టుబడతాయి. రిస్క్ మాత్రం అలా కాదు. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, నాలుగు ఆప్షన్లు ఎదురుగా కనపడగానే టెన్షన్ మొదలవుతుంది. నేను రాసిన మొదటి మాక్ టెస్టులో నాకొచ్చినవి 46. పోయిన మార్కుల్లో ఎక్కువ ఇక్కడే పోయాయి. ఫోన్‌లో అడిగినవాళ్లకు చెప్పిందే చెబుతూ ఉన్నాను కాబట్టి, ఒకచోట రాసిపెడదామని ఈ ప్రయత్నం.

పరీక్ష ఎలా ఉంటుంది? రిస్క్ ప్రశ్నలు ఎక్కడ వస్తాయి?

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2006లో ఏర్పాటు చేసిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ ఈ పరీక్ష పెడుతుంది. 100 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు, సమయం 2 గంటలు. 50 వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది. అది చూపించి ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ నుంచి ఏఆర్‌ఎన్ (రిజిస్ట్రేషన్ నంబరు) తీసుకుంటేనే ఫండ్లు పంపిణీ చేయగలరు.

రిస్కుల పేర్లు వర్క్‌బుక్ మొదట్లోనే వస్తాయి. చివరి చాప్టర్లలో లెక్కలతో మళ్లీ వస్తాయి. మధ్యలో స్కీముల రకాలు, డాక్యుమెంట్లు చెప్పేటప్పుడు కూడా తొంగిచూస్తూనే ఉంటాయి. ఫలానా చాప్టర్ వదిలేస్తే ఫలానా మార్కులే పోతాయని లెక్కేసుకునే వీలు లేదు.

రిస్క్ అంటే నష్టమే కదా? అందులో చదవడానికి ఏముంది?

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అంతే. పరీక్షలో కాదు. మనం ఆశించిన రాబడికీ, చివరికి చేతికొచ్చిన రాబడికీ తేడా ఉండే అవకాశాన్నే అక్కడ రిస్క్ అంటారు. 12 శాతం అనుకుంటే 20 వచ్చినా ఆ తేడా లెక్కలోకే వస్తుంది. రాబడి సగటు నుంచి ఎంత ఊగుతుందో కొలిచే స్టాండర్డ్ డీవియేషన్‌కు లాభం తెచ్చిన నెలా, ముంచిన నెలా ఒకటే.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ప్రశ్న చదవగానే "రిస్క్ ఎంత?" అనుకోవద్దు. "ఏ రిస్క్?" అనుకోండి. ఒక రిస్క్ తప్పించుకోబోయినవాడు దాదాపు ప్రతిసారీ ఇంకోదాన్ని నెత్తికెత్తుకుంటాడు. షేర్లు పడతాయని భయపడి ఎఫ్‌డీకి వెళితే ధరల పెరుగుదల పట్టుకుంటుంది. కంపెనీలు ఎగ్గొడతాయని ప్రభుత్వ బాండ్లకు వెళితే వడ్డీ రేట్లు పట్టుకుంటాయి. పేపరు పెట్టేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మనల్ని ఎక్కువగా పడగొట్టేది ఆ మలుపుల దగ్గరే.

సిస్టమేటిక్, అన్‌సిస్టమేటిక్ రిస్కులు ఎంత చదివినా కలిసిపోతున్నాయి. గుర్తుపెట్టుకునే దారి ఉందా?

మా వైపు అందరికీ తెలిసిన లెక్కతో చెబుతాను. ఒక రైతు తనకున్న అయిదెకరాల్లోనూ మిరపే వేశాడు. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో నల్ల తామర పురుగు వచ్చి మిరప పూతను తినేసింది. పక్క చేలో పత్తి వేసినవాడికి, ఇంట్లో రెండు గేదెలు పెట్టుకుని పాలు పోసినవాడికి ఆ పురుగు వల్ల అంత బాధ లేదు. ఇది అన్‌సిస్టమేటిక్: ఒక పంటకు, ఒక కంపెనీకి, ఒక రంగానికి వచ్చే దెబ్బ. పంటలు మార్చుకుంటే తగ్గుతుంది.

అదే వానలే పడకపోతే? మిరపా పోతుంది, పత్తీ పోతుంది, గేదెలకు మేతా ఉండదు. ఎన్ని రకాలు వేసినా దెబ్బ తప్పదు. అది సిస్టమేటిక్. మార్కెట్ రిస్క్ అన్నా ఇదే.

ఇప్పుడు షేర్లకు వద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తారుమారు చేశానని లేఖ రాశారు. ముందు రోజు రూ. 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి రూ. 40 దరిదాపులకు వచ్చింది. హైదరాబాద్‌లో ఆ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, జీతంలో మిగిలినదంతా ఆ షేరులోనే పెట్టినవాళ్ల సంగతి ఊహించుకోండి: ఉద్యోగమూ, దాచుకున్న డబ్బూ ఒకే చేలో. ఇది అచ్చమైన అన్‌సిస్టమేటిక్ రిస్క్.

2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,935 పాయింట్లు, అంటే 13 శాతం పైన పడింది. ఆ రోజు మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ తేడా లేదు. ఇది సిస్టమేటిక్.

చిన్న మెలిక ఒకటి ఉంది. సత్యం లేఖ వచ్చిన రోజు సెన్సెక్స్ కూడా 7 శాతం పైన పడింది. అంటే ఒక ఇంట్లో అంటుకున్న మంట వీధంతా పాకింది. నిజ జీవితంలో ఈ రెండింటి మధ్య గీత అంత గట్టిగా ఉండదు. పరీక్షలో మాత్రం "కంపెనీ మోసం" అని ఉంటే కళ్లు మూసుకుని అన్‌సిస్టమేటిక్ అని పెట్టండి. అక్కడ తర్కాలకు పోయి నేను ఒక మార్కు పోగొట్టుకున్నాను.

మరి డైవర్సిఫికేషన్ చేస్తే రిస్క్ మొత్తం పోతుందా?

పోదు. అన్‌సిస్టమేటిక్ తగ్గుతుంది, సిస్టమేటిక్ మిగులుతుంది. "పూర్తిగా తొలగిపోతుంది" అనే మాట ఆప్షన్‌లో కనిపిస్తే అనుమానించండి.

ఎంత తగ్గుతుందన్నది ఎన్ని కొన్నామన్నదాని మీద కాక, అవి ఎంతవరకు కలిసి కదులుతాయన్నదాని మీద ఆధారపడుతుంది. దాన్నే కోరిలేషన్ అంటారు. రెండు పెట్టుబడులు, రెండింటికీ స్టాండర్డ్ డీవియేషన్ 20 శాతం, చెరి సగం డబ్బు పెట్టామనుకోండి. కోరిలేషన్ 1 అయితే పోర్ట్‌ఫోలియోకూ 20 శాతమే, అణువంత లాభం లేదు. 0 అయితే 14.14కు దిగుతుంది. మైనస్ 1 అయితే సున్నా, కానీ అలాంటి జంట కాగితం మీదే దొరుకుతుంది.

నా దగ్గరకొచ్చే చాలామంది చేతిలో ఆరేడు ఫండ్లు ఉంటాయి. తీరా చూస్తే అన్నీ లార్జ్ క్యాప్ ఫండ్లే, అన్నిట్లోనూ అవే పెద్ద బ్యాంకులు, అవే ఐటీ కంపెనీలు. అయిదెకరాల్లో అయిదు రకాల మిరప వేసినట్టు.

గిల్ట్ ఫండ్ డబ్బు ప్రభుత్వ బాండ్లలోనే ఉంటుంది కదా, దానికి రిస్క్ ఎక్కడిది?

ఎక్కువమంది తప్పు చేసేది ఈ ప్రశ్నకే. కొంచెం నిదానంగా చెబుతాను.

కేంద్ర ప్రభుత్వం రూపాయల్లో తీసుకున్న అప్పు ఎగ్గొట్టదు అన్నది మన లెక్కల్లో మూలసూత్రం. కాబట్టి గిల్ట్ ఫండ్‌కు క్రెడిట్ రిస్క్ లేనట్టే. అంతవరకే. వడ్డీ రేట్ల రిస్క్ మాత్రం మిగతా డెట్ ఫండ్లలో (బాండ్లలో పెట్టే ఫండ్లు) చాలావాటి కంటే దానికే ఎక్కువ, ఎందుకంటే అందులో పదేళ్లు, అంతకు మించి కాలపరిమితి ఉన్న బాండ్లు ఉంటాయి.

ఎలాగంటే, మీ దగ్గర 7 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండు ఉంది, ముఖవిలువ రూ. 1,000. రేపు మార్కెట్లో కొత్త బాండ్లు 8 శాతం ఇస్తున్నాయి. మీ 7 శాతం బాండును వెయ్యి పెట్టి ఎవరు కొంటారు? ధర తగ్గిస్తేనే కొంటారు. లెక్క కడితే సుమారు రూ. 933 వస్తుంది. వెయ్యికి 67 రూపాయలు పోయాయి, ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు. అదే రెండేళ్ల బాండైతే ధర రూ. 982 దగ్గర ఆగుతుంది. రేట్లు పెరిగితే ధర తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. కాలపరిమితి పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది.

2022 మే 4న ఆర్‌బీఐ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 4.40 శాతానికి పెంచింది. 2023 ఫిబ్రవరికల్లా అది 6.50కి చేరింది. ఆ ఏడాది మా బాబాయి ఫోన్ చేసి, "గవర్నమెంటు బాండ్లన్నావు కదరా, డబ్బు తగ్గిందేంటి?" అన్నారు. చెప్పేటప్పుడు "గవర్నమెంటు" అన్న మాట గట్టిగా, "వడ్డీ రేట్లు" అన్న మాట మెల్లగా అన్నానేమో. ఆయన విన్నది మొదటిదే. తప్పు నాదే.

డ్యూరేషన్ అంటే కాలపరిమితేనా?

కాదు, దగ్గరి చుట్టం. బాండు గడువు తీరేలోగా మధ్యమధ్య వడ్డీ వస్తుంది కాబట్టి, మన డబ్బు సగటున ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చెప్పేది మెకాలే డ్యూరేషన్. అది గడువు కంటే తక్కువే ఉంటుంది. మధ్యలో వడ్డీ ఏమీ రాని జీరో కూపన్ బాండుకు మాత్రం రెండూ సమానం. ఈ ఒక్క వాక్యం మీద ప్రశ్న పడే అవకాశం బాగా ఉంది.

రేటు 1 శాతం మారితే ధర సుమారు ఎంత శాతం మారుతుందో చెప్పేది మోడిఫైడ్ డ్యూరేషన్. పైన చెప్పిన పదేళ్ల బాండుకు అది దాదాపు 7. అంటే 7 శాతం పడాలి, అసలు పడింది 6.7. ఆ చిన్న తేడా ఎందుకన్నది 5-ఎ కి అవసరం లేదు.

ట్రిపుల్ ఏ రేటింగ్ ఉంటే క్రెడిట్ రిస్క్ లేనట్టేనా?

తక్కువ, అంతే. అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే రేటింగుల్లో ట్రిపుల్ ఏ అన్నిటికంటే పైది, కానీ రేటింగ్ అంటే ఈ రోజుకు ఒక ఏజెన్సీ అభిప్రాయం. మౌలిక వసతుల ప్రాజెక్టులకు అప్పులిచ్చే ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ గ్రూపుకు 2018లో ట్రిపుల్ ఏ ఉండేది. అదే ఏడాది సెప్టెంబరులో చెల్లింపులు ఎగ్గొట్టి, కొన్ని వారాల తేడాలోనే అట్టడుగు డి రేటింగుకు వెళ్లిపోయింది. దాని పేపర్లు (అప్పు పత్రాలు) ఉన్న డెట్ ఫండ్ల ఎన్‌ఏవీలు పడ్డాయి. తర్వాతే, 2018 డిసెంబరులో, చెడిపోయిన పేపర్లను విడదీసి పక్కన పెట్టే పద్ధతికి సెబీ అనుమతిచ్చింది. సైడ్ పాకెటింగ్ అంటే అదే.

క్రెడిట్ రిస్క్ అంటే పూర్తిగా ఎగవేత ఒక్కటే అనుకోవద్దు. రేటింగ్ తగ్గితే, ఇంకా ఒక్క రూపాయి ఎగ్గొట్టకపోయినా, బాండు ధర పడుతుంది. "కంపెనీ రేటింగ్ ట్రిపుల్ ఏ నుంచి డబుల్ ఏ కి దిగింది, బాండు ధర తగ్గింది, ఇది ఏ రిస్క్?" అంటే ధర అన్న మాట చూసి వడ్డీ రేటు రిస్క్ పెట్టేవాళ్లున్నారు. ఏం మారిందో చూడండి: దేశంలో వడ్డీ రేట్లా, ఆ కంపెనీ పరపతా? పరపతే. కాబట్టి క్రెడిట్.

బ్యాంకు బాండు కదా అని నమ్మినవాళ్లకు 2020 మార్చిలో ఇంకో పాఠం దొరికింది. యెస్ బ్యాంక్ పునర్‌వ్యవస్థీకరణలో రూ. 8,415 కోట్ల ఏటీ-1 బాండ్లను (బ్యాంకు చిక్కుల్లో పడితే రద్దు చేయగల బాండ్లు) సున్నా చేశారు. ఆ వివాదం కోర్టులకెక్కింది. ఆ బాండ్ల షరతుల్లోనే అలా చేయొచ్చని ఉంది. కొన్నవాళ్లలో చాలామంది వాటిని కొంచెం ఎక్కువ వడ్డీ ఇచ్చే ఎఫ్‌డీల్లాగా చూశారు.

లిక్విడిటీ రిస్క్‌కూ క్రెడిట్ రిస్క్‌కూ తేడా ఒక్క ముక్కలో?

డబ్బు పోవడం వేరు, డబ్బు ఉండి కూడా సమయానికి చేతికి రాకపోవడం వేరు. మా ఊళ్లో మూడెకరాల పొలం ఉన్నవాడు ఆసుపత్రి బిల్లుకు లక్ష రూపాయలు అప్పు చేస్తాడు చూడండి, అది లిక్విడిటీ రిస్క్.

ఫండ్లలో దీనికి 2020 ఏప్రిల్ 23ని మించిన ఉదాహరణ లేదు. ఆ రోజు ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ స్కీములను మూసేస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో దాదాపు రూ. 25,000 కోట్లున్నాయి. కోవిడ్ భయంతో మదుపరులు డబ్బు వెనక్కి అడుగుతున్నారు, స్కీముల దగ్గరున్న తక్కువ రేటింగ్ పేపర్లను కొనేవాడు మార్కెట్లో లేడు. తర్వాత సుప్రీంకోర్టు పర్యవేక్షణలో ఎస్‌బీఐ ఫండ్స్ ఆ పేపర్లను అమ్మి, వసూలు చేసి, విడతలవారీగా పంచింది. చివరికి ఆరు స్కీములూ కలిపి మూసిన రోజు ఉన్న విలువ కంటే ఎక్కువే వెనక్కి వచ్చింది. మరి నష్టమేముంది అంటారా? ఆ ఏడాది కూతురి ఫీజు కట్టాల్సినవాణ్ణి అడగండి.

రీఇన్వెస్ట్‌మెంట్ రిస్క్ ఎందుకంత తికమక పెడుతుంది?

వడ్డీ రేటు రిస్క్‌కు అది తలకిందులు కాబట్టి. రేట్లు పెరిగితే చేతిలోని బాండు ధర పడుతుంది, రేట్లు తగ్గితే వచ్చిన వడ్డీని, గడువు తీరిన అసలును అంత మంచి రేటుకు మళ్లీ పెట్టలేము. మీ నాన్నగారి 8 శాతం ఎఫ్‌డీ గడువు తీరే వేళకు బ్యాంకువాడు 6 ఇస్తానన్నాడంటే, ఆయన పడేది ఈ రిస్కే. జీరో కూపన్ బాండుకు మధ్యలో వడ్డీ రాదు కాబట్టి గడువు దాకా ఈ బాధ లేదు.

ఎఫ్‌డీ, బంగారం, చీటీల రిస్క్ కూడా చదవాలా?

చదవాలి. పెట్టుబడుల రకాలు పోల్చే ప్రశ్నల్లో వస్తాయి. ఎఫ్‌డీకి డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి రూ. 5 లక్షల వరకు, 2020 ఫిబ్రవరి నుంచి. ఎఫ్‌డీ అసలు శత్రువు ద్రవ్యోల్బణం. 7 శాతం వడ్డీ, 6 శాతం ధరల పెరుగుదల అయితే నిజంగా పెరిగింది 1 శాతం అని నోటితో చెప్పేస్తాం. కచ్చితంగా కడితే 1.07ని 1.06తో భాగించి ఒకటి తీసేయాలి: 0.94 శాతం. ఆప్షన్లలో రెండూ ఉంటే 0.94 పెట్టండి. ఇది పన్ను కట్టకముందు సంగతి. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి ఆ 7 శాతంలో 5 కూడా మిగలదు. అంటే ఆయన డబ్బు ఏటా కొంచెం కొంచెం కరుగుతోంది, పాస్‌బుక్‌లో అంకె మాత్రం పెరుగుతోంది.

బంగారానికి ధర ఊగిసలాట, నగలైతే తరుగు, మజూరీ. చీటీలు 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలో ఉంటాయి, సెబీ పరిధిలో కాదు. పరీక్షలో ఈ రెండో సంగతి అడుగుతారు. చట్టం కింద నమోదైన చీటీ వేరు, అపార్ట్‌మెంట్లో ఆంటీ నడిపే చీటీ వేరని నేను కలిపి చెబుతుంటాను. రిజిస్ట్రేషన్ లేని స్కీముల్లో అసలు రిస్క్ పేరు వర్క్‌బుక్‌లో ఉండదు, అది మోసం. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ దెబ్బ తిన్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

స్టాండర్డ్ డీవియేషన్, బీటా, షార్ప్ రేషియో: దేనికి ఏది?

స్టాండర్డ్ డీవియేషన్ మొత్తం రిస్క్‌ను కొలుస్తుంది. సగటు రాబడి 12, డీవియేషన్ 15 అంటే, మూడింట రెండు వంతుల సందర్భాల్లో రాబడి మైనస్ 3కూ 27కూ మధ్య ఉంటుందని ఒక అంచనా. బీటా సిస్టమేటిక్ రిస్క్‌ను మాత్రమే కొలుస్తుంది. బీటా 1.2 ఉన్న ఫండ్, మార్కెట్ 10 శాతం పడితే 12 శాతం దాకా పడొచ్చు.

బీటా తక్కువ కాబట్టి ఫండ్ సురక్షితం అనుకోవడం ఖరీదైన పొరపాటు. మార్కెట్‌తో సంబంధం లేకుండా తనంతట తానే పడే సత్తా ఉన్న ఫండ్‌కు కూడా బీటా తక్కువే ఉండొచ్చు.

షార్ప్ రేషియో అంటే భరించిన మొత్తం రిస్క్‌కు దక్కిన కూలి. ఫండ్ రాబడిలోంచి రిస్క్ లేని రేటు తీసేసి, స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించాలి. మొదటి ఫండ్ రాబడి 12, డీవియేషన్ 15. రెండోది 10, 8. రిస్క్ లేని రేటు 6. మొదటిదానికి 0.4, రెండోదానికి 0.5. తక్కువ రాబడి ఇచ్చిన రెండోదే మెరుగు. డీవియేషన్ బదులు బీటాతో భాగిస్తే అది ట్రైనర్ రేషియో. షార్ప్‌కు డీవియేషన్, ట్రైనర్‌కు బీటా: ఇది మాత్రం బట్టీయే.

రిస్కోమీటర్ ఉండగా మళ్లీ పీఆర్‌సీ మ్యాట్రిక్స్ ఎందుకు?

స్కీము రిస్క్ ఎంతో ముల్లుతో చూపించే బొమ్మ రిస్కోమీటర్, అది అన్ని స్కీములకూ ఉంటుంది. 2021 జనవరి నుంచి ఆరు మెట్లు: తక్కువ నుంచి చాలా ఎక్కువ దాకా. ప్రతి నెలా లెక్కగట్టి, నెల ముగిసిన 10 రోజుల్లో ప్రకటించాలి. ఈ రోజు పోర్ట్‌ఫోలియో ఎలా ఉందో అది చెబుతుంది.

పొటెన్షియల్ రిస్క్ క్లాస్ (పీఆర్‌సీ) డెట్ స్కీములకే, 2021 డిసెంబరు నుంచి. ఫండ్ మేనేజర్ ఎంత దూరం వెళ్లడానికి అనుమతి ఉందో ఇది చెబుతుంది. అడ్డంగా క్రెడిట్ రిస్క్: ఎ, బి, సి. నిలువుగా వడ్డీ రేటు రిస్క్: 1, 2, 3. మొత్తం తొమ్మిది గళ్లు. మెకాలే డ్యూరేషన్ ఏడాది లోపు అయితే క్లాస్ 1, మూడేళ్ల లోపు 2, ఎంతైనా అయితే 3. గిల్ట్ ఫండ్ ఏ గడిలో ఉంటుందో ఇప్పుడు మీరే చెప్పగలరు: ఎ-3. మా బాబాయికి ఆ రోజు ఈ గడి చూపించి ఉంటే ఫోన్ వచ్చేది కాదు.

ఒక మెలిక: రిస్కోమీటర్ లెక్కలో, రేటింగును బట్టి ఇచ్చే క్రెడిట్ విలువ అంకె పెద్దదైతే రిస్క్ ఎక్కువ. పీఆర్‌సీలో అంకె పెద్దదైతే నాణ్యత ఎక్కువ, 12 అంతకు పైన ఉంటే ఎ. ఎవరు పెట్టారో గానీ, చదివేవాడి మీద పగబట్టి పెట్టినట్టుంటుంది.

సిప్ చేస్తే రిస్క్ ఉండదా?

ఉంటుంది. సిప్ అంటే నెలనెలా కొంత కొంత పెట్టడం కాబట్టి, డబ్బంతా ఒకేసారి తప్పుడు సమయంలో పెట్టే ప్రమాదం తగ్గుతుంది, అంతే. లాభానికి హామీ లేదు.

విదేశీ ఫండ్లకు కరెన్సీ రిస్క్ ఎటువైపు పనిచేస్తుంది?

మనం రూపాయలు పెట్టి అమెరికా షేర్ల ఫండ్ కొంటే, డాలర్ బలపడితే లాభం, రూపాయి బలపడితే నష్టం. డాలస్‌లో ఉన్న అబ్బాయి ఇక్కడి ఫండ్‌లో పెట్టి తిరిగి డాలర్లలో తీసుకెళ్లాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. ఫండ్ 10 శాతం పెరిగి, ఈలోగా రూపాయి పడితే, అతని డాలర్ లాభం ఆ మేరకు తగ్గుతుంది. ప్రశ్నలో మదుపరి ఏ దేశం డబ్బుతో లెక్క చూసుకుంటున్నాడో ముందు గీత గీయండి.

క్లయింట్ రిస్క్ ప్రొఫైల్ ప్రశ్నల్లో "కెపాసిటీ", "టాలరెన్స్" ఒకటేనా?

ఒకటి జేబుకు సంబంధించింది, ఒకటి గుండెకు. నరసరావుపేటలో రిటైరైన టీచరు గారికి పెన్షన్ వస్తుంది, పిల్లలు స్థిరపడ్డారు, అప్పుల్లేవు. నష్టం తట్టుకునే శక్తి బోలెడు. కానీ సెన్సెక్స్ 500 పాయింట్లు పడితే ఆ రాత్రి నిద్రపోరు. హైదరాబాద్‌లో 26 ఏళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎంత పడినా "పర్లేదు బ్రో" అంటాడు, కానీ నెలకు అరవై వేల ఈఎంఐ, బ్యాంకులో రెండు నెలల జీతం కూడా లేదు. గుండె ఉంది, జేబు లేదు. ఇద్దరిలో ఎవరికైనా, రెండింటిలో ఏది తక్కువో దాన్ని బట్టే సలహా. వయసు చూసి "కుర్రాడు కాబట్టి ఈక్విటీ" అని పెట్టే ముందు ప్రశ్నలో అప్పుల ప్రస్తావన ఉందేమో చూడండి.

నేను తెలుగు మీడియం. ఈ పదాలన్నీ తెలుగులోకి మార్చుకుని చదవనా?

వద్దు. పత్రికల్లో "నష్టభయం" అని రాస్తారు, మంచి మాటే, కానీ పరీక్షలో అదే మాట వస్తుందని చెప్పలేం. పేర్లు ఇంగ్లీషువే ఉంచి, అర్థం మాత్రం మీ ఊరి ఉదాహరణతో మీ మాటల్లో రాసుకోండి. ఒక్కో రిస్క్‌కు మీకు తెలిసిన మనిషిని ఒకరిని పెట్టుకుంటే ఇంకా మంచిది. నాకు వడ్డీ రేటు రిస్క్ అనగానే ఇప్పటికీ బాబాయి గొంతే వినిపిస్తుంది.

దీని తర్వాత డెరివేటివ్స్ పరీక్ష కూడా రాద్దామనుకుంటున్నాను. ఇదే చదువు సరిపోతుందా?

సరిపోదు. ఈక్విటీ డెరివేటివ్స్‌కు (షేర్ల ధరల మీద ఆధారపడే ఒప్పందాలు) సిరీస్ 8 ఉంది. అందులో పాస్‌కు 60 శాతం కావాలి, తప్పుకు పావు మార్కు పోతుంది. అక్కడ లెవరేజ్ అనే కొత్త మృగం వస్తుంది: కొద్ది మార్జిన్‌తో పెద్ద పందెం. 2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ డెరివేటివ్స్‌లో (ఎఫ్‌అండ్‌ఓ) 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు. మొత్తం నష్టం రూ. 1.8 లక్షల కోట్ల పైన. పరీక్ష రాయండి, ట్రేడింగ్ సంగతి మీ ఇష్టం.

పాసయ్యాక క్లయింట్ "నష్టం రాదు కదా?" అంటే ఏం చెప్పాలి?

"రాదు" అని మాత్రం చెప్పకూడదు. రాబడికి హామీ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం, పరీక్షలోనూ తప్పు జవాబు. టీవీ ప్రకటన చివర రైలు వేగంతో చదివే ఆ మార్కెట్ రిస్కుల వాక్యాన్ని అప్పజెప్పినా లాభం లేదు, పిల్లలు కూడా దాన్ని అనుకరించి నవ్వుకుంటున్నారు.

నేనైతే "ఏ నష్టం గురించి భయపడుతున్నారండీ?" అని తిరిగి అడుగుతాను. ఈ మధ్య ఒకావిడ వచ్చారు, పొలం అమ్మిన డబ్బుతో. షేర్లు పడితే ఎలా అని మొదలుపెట్టారు. రెండు కాఫీల తర్వాత అసలు సంగతి బయటపడింది. మూడేళ్లలో అమ్మాయి పెళ్లి చేయాలి, ఆ రోజుకు డబ్బు చేతిలో లేకపోతే ఎలా అన్నదే ఆవిడ భయం. లాభం ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు. పెళ్లి ఖర్చుకు సరిపడా డబ్బు రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలుగా వేయించాను, వాటి మీద నాకు కమిషన్ లేదు. మిగిలిన కొద్ది మొత్తానికి ఫారం నింపుతుంటే ఆవిడే రిస్కోమీటర్ బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ ముల్లు ఎటు తిరిగితే ఏమవుతుందో చెప్పు బాబూ" అన్నారు.